సబ్జా గింజ మనకు తెలుసు, మరి ఆకు? మైపాడు తీరంలో ఒక వేసవి

నెల్లూరులో మే నెల ఎండ గురించి కొత్తగా చెప్పేదేం లేదు. మిట్ట మధ్యాహ్నం రోడ్డు మీద కాకి కూడా కనపడదు. ఆ టైమ్‌లో నలుగురు మనుషులు నిలబడి కనిపించారంటే అది కచ్చితంగా షర్బత్ బండే. పెద్ద గాజు గ్లాసు, దంచిన ఐసు, నన్నారి, నిమ్మరసం, పైన నల్ల చుక్కలతో జెల్లీలా తేలే సబ్జా గింజలు. ఒంట్లో వేడి తగ్గుతుందని మన పెద్దవాళ్లు తాగించారు, మనమూ అలాగే తాగేస్తున్నాం.

ఎప్పుడైనా ఆ గింజ ఏ మొక్కదో చూశారా? దాని ఆకు ఏం చేస్తారో తెలుసా?

బెంగళూరులో మా ఆఫీసు పక్క సూపర్‌మార్కెట్‌లో ‘బేసిల్’ అని స్టిక్కర్ వేసి, ప్లాస్టిక్ డబ్బాలో పిడికెడు ఆకు పెట్టి అమ్ముతుంటారు. పిజ్జా మీద వేసేదీ, పాస్తాలో కలిపేదీ అదే. ఆ బేసిల్, మన సబ్జా ఒకే జాతి మొక్కలు. షర్బత్ బండి వాడు గింజ తీసుకున్నాడు, పిజ్జా షాపువాడు ఆకు తీసుకున్నాడు, అంతే.

మా పెద్దమ్మ వాళ్ల ఊరు నెల్లూరు జిల్లాలో, మైపాడు బీచ్‌కి దగ్గర్లో. రెండు వేసవులుగా ఆమె పెరట్లో ఈ మొక్క పెంచి, ఆకు వండి, మిగిలింది దాచి చూస్తున్నాం. మీరు సముద్రం చూడ్డానికి మైపాడు వెళ్తే ఎలాగూ అలలూ, ఇసకా చూస్తారు. నేను చెప్పేది ఒడ్డుకి కాస్త ఇవతల, ఉప్పునీళ్ల మధ్య ఒక ఆకుని బతికించుకోవడం గురించి.

ఆకు ఒకటే, పేర్లు బోలెడు

సబ్జాను తెలుగులో భూతులసి అంటారు, రుద్రజడ అని కూడా అంటారు. కొన్నిచోట్ల విభూతి పత్రి అని పిలుస్తారు. నెల్లూరు దాటి తమిళనాడులోకి వెళ్తే అక్కడా దాన్ని తిరునీట్రు పచ్చిలై అంటారు. తిరునీరు అంటే విభూతే. సరిహద్దు మారినా అర్థం మారలేదన్నమాట.

కొమ్మని వేళ్ల మధ్య పట్టుకుని తిప్పి చూడండి, కాడ గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలుగా తగుల్తుంది. తులసి, పుదీనా, మరువం, కుండీలో పెంచుకునే వామాకు, ఇవన్నీ ఆ కుటుంబంలోవే. తమాషా ఏంటంటే, మనం డబ్బాలో పోసుకునే వాము గింజ మాత్రం ఈ కుటుంబం కాదు. అది జీలకర్ర, కొత్తిమీరల చుట్టం. వాసన కలిసింది కాబట్టి పేరు కలిసింది.

సబ్జాలో రకాలు చాలా ఉన్నాయి. ఇటలీ వాళ్ల రకానికి ఆకు పెద్దది, దోసిలిలా లోపలికి వంగి ఉంటుంది, వాసన తియ్యగా ఉంటుంది. మన గింజల కోసం పెంచే రకానికి ఆకు చిన్నది, ఘాటు ఎక్కువ. మేము రెండూ వేశాం. ఇటలీ రకం విత్తనాలు బెంగళూరు నర్సరీలో కొన్నవి. రెండోది మామూలు కిరాణా కొట్టు సబ్జా ప్యాకెట్. అవును, షర్బత్ కోసం కొన్న గింజలు కూడా మొలుస్తాయి. మట్టి మీద చల్లి, పైన పల్చగా మాత్రమే మట్టి వేయాలి. లోతుగా పూడిస్తే రావు. తడి ఆరనీయకుండా చూస్తే వారం పది రోజుల్లో మొలకలు కనిపిస్తాయి.

మొదటిసారి ఆ ఆకు వాసన చూసి పెద్దమ్మ అనుమానంగా అడిగింది. “ఏందిరా ఇది, తులసి మాదిరి ఉండాదే? తులసి యాడన్నా కూరలో ఏస్తారా?”

ఆమె అనుమానం న్యాయమైందే. మన ఇళ్లలో తులసి కోటలో ఉండే మొక్క, కూరలోకి రాదు. ఇది ఆ తులసి కాదు, దాని చెల్లెలు లాంటిది అని చెప్పాను. థాయ్‌లాండ్‌లో అయితే మన తులసి జాతినే మిరపకాయలు, వెల్లుల్లితో కలిపి మాంసం వేపుడులో వేస్తారు, దాన్ని కప్రావ్ అంటారు అని కూడా చెప్పాను. “వాళ్ల ఊర్లో వాళ్లిష్టం. నా కోటలో ఆకు మీద మాత్రం చెయ్యి పెట్టబాక” అంది. సబ్జాకి పర్మిషన్ దొరికింది, అది చాలు.

మైపాడు గేటు నుంచి సముద్రం దాకా

నెల్లూరు టౌన్‌లో మైపాడు గేటు అని ఒక సెంటర్ ఉంది. అక్కణ్నుంచి ఇందుకూరుపేట మీదుగా బీచ్‌కి పాతిక కిలోమీటర్లు అటూ ఇటూ. ముందు పెన్న నీళ్లు పారే వరి మడులు. దారి పొడుగునా పచ్చదనం చూసి ఇదంతా ఇలాగే సముద్రం దాకా ఉంటుందనుకుంటారు. సగం దాటాక సీన్ మారిపోతుంది. వరి బదులు నలుచదరంగా రొయ్యల గుంటలు. నీళ్లలో గిరగిరా తిరుగుతూ తెల్లటి నురగ లేపే ఏరియేటర్లు. ఆ తర్వాత సరుగుడు తోటలు, బకింగ్‌హామ్ కాలువ, చివరికి సముద్రం.

బ్రిటిష్ వాళ్ల కాలంలో ఈ కాలువ మీద ఉప్పు, కట్టెలు వేసుకుని పడవలు మద్రాసు దాకా వెళ్లేవి. ఇప్పుడు పడవల రద్దీ లేదు కానీ ఉప్పునీళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. సముద్రంతో పాటు ఆటూ పోటూ దీనికీ తెలుసు.

రొయ్యల సంగతి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే పెద్దమ్మ పెరటి కథ దాంతో ముడిపడి ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు తీరంలో టైగర్ రొయ్య జోరు మొదలైంది. చాలామంది ఇళ్లు కట్టుకున్నారు, పిల్లల్ని ఇంజనీరింగ్ చదివించారు. తర్వాత తెల్లమచ్చ వైరస్ వచ్చి చాలామందిని ముంచింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత చెరువుల మీద గట్టి తీర్పు ఇచ్చింది. ఉప్పునీళ్ల చెరువుల వల్ల తాగునీళ్లూ, సాగుభూమీ పాడవుతున్నాయన్నది ఆ కేసులో ముఖ్యమైన వాదన. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009లో వనామీ రొయ్యకి అనుమతి దొరికాక మళ్లీ గుంటలు నిండాయి. ఈ రొయ్యలు విదేశాలకు వెళ్తాయి, డాలర్లు తెస్తాయి. తీరంలో ఎంతోమందికి అదే తిండి. ఆ విషయం కాదనలేం.

కానీ పక్క చేను గుంట అయ్యాక మీ ఇంటి బోరు నీళ్లు మెల్లగా రుచి మారితే ఏం చేస్తారు? పెద్దమ్మ వాళ్లింట్లో అదే జరిగింది. ముందు పప్పు ఉడకడం లేటయింది. తర్వాత బకెట్ల అంచున తెల్లటి పొర కట్టింది. ఆ తర్వాత పెరట్లో కరివేపాకు చెట్టు ఆకుల చివర్లు మాడాయి. ఇప్పుడు ఆ చెట్టు లేదు. గోంగూర మడి లేదు. పుదీనా లేదు. కొబ్బరి చెట్లు మాత్రం హాయిగా ఉన్నాయి, వాటికి ఉప్పు తట్టుకునే శక్తి ఎక్కువ.

మా అన్నయ్య నెల్లూరులో ఉంటాడు. “ఆకుకూరలు కూడా కొనుక్కోవాల్సిన ఊర్లో ఏం చేస్తావమ్మా, వచ్చెయ్” అని పోరు పెడుతుంటాడు. పెద్దమ్మకి ఆ మాట సూదిలా గుచ్చుకుంటుంది. అందుకే ఆమెకి ఈ ఆరు కుండీలు సరదా కాదు.

ఉప్పు తగలకుండా పెంచడం

ఉప్పునీళ్లు మొక్కనేం చేస్తాయి? మట్టిలో ఉప్పు ఎక్కువైతే వేరు నీళ్లు లాక్కోలేదు. చుట్టూ తడి ఉన్నా మొక్కకి దాహమే. లాక్కున్న కొద్ది నీళ్లతో పాటు ఉప్పు కూడా పైకి వెళ్లి ఆకు అంచుల్లో పేరుకుంటుంది. అందుకే మాడటం అంచు నుంచే మొదలవుతుంది. అది కనిపిస్తే ఎరువు వేయకండి, నీళ్లు మార్చండి.

పెద్దమ్మ పెట్టుకున్న రూల్స్ ఇవి.

నేల మీద కాదు, కుండీలోనే. అడుగున రంధ్రాలు బాగా ఉండాలి, అప్పుడే ఉప్పు కిందికి కొట్టుకుపోతుంది.

బియ్యం, పప్పు కడిగిన నీళ్లు ఒక్క చుక్క కూడా పారబొయ్యకూడదు. అవి పంచాయతీ కుళాయి మంచినీళ్లు కాబట్టి కుండీలకే వెళ్లాలి.

ఆర్వో మెషిన్ నుంచి వేస్ట్‌గా బయటికొచ్చే నీళ్లు మొక్కలకు పొయ్యకూడదు. చాలామంది పొదుపు అని పోస్తుంటారు. మెషిన్ వడకట్టిన ఉప్పంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. బోరు నీళ్లే ఉప్పగా ఉన్న ఊళ్లో అవి ఇంకా ఘోరం. గచ్చు కడగడానికి వాడుకోండి.

ఉదయం ఎండ చాలు. మధ్యాహ్నం రెండు గంటల ఎండకి సబ్జా కూడా తల వాల్చేస్తుంది. కొబ్బరి చెట్టు నీడ ఉంటే బెస్ట్.

కోయడం కూడా ఒక పనే

ఆకులు ఒక్కొక్కటీ గిల్లకండి. కొమ్మ చివర, రెండు ఆకులు ఎదురెదురుగా ఉన్న కణుపుకి కాస్త పైన తుంచండి. అక్కణ్నుంచి రెండు కొత్త కొమ్మలు వస్తాయి. తుంచేకొద్దీ మొక్క గుబురవుతుంది. మనం వాడుకోవడమే దానికి మేపు అన్నమాట.

పూలకంకి కనిపించగానే తుంచెయ్యాలి. పువ్వు మొదలైతే మొక్క ఆకు మీద శ్రద్ధ తగ్గించేస్తుంది, రుచిలో చేదు వస్తుంది. ఒక్క కుండీని మాత్రం పూతకి వదిలేయండి, ఎందుకో తర్వాత చెప్తాను.

పొద్దున్నే, ఎండ ముదరకముందే కోయండి. వాసననిచ్చే నూనెలు అప్పుడు నిండుగా ఉంటాయి.

కోసిన కొమ్మల్ని ఎక్కడ పెట్టాలి? ఫ్రిజ్‌లో మాత్రం వద్దు. కొత్తిమీర అలవాటుతో అందరూ ఫ్రిజ్‌లోనే పెడతారు, మర్నాటికి సబ్జా ఆకు నల్లగా అయిపోతుంది. ఇది వేడి దేశాల మొక్క, పది పన్నెండు డిగ్రీల కంటే చల్లదనం దీనికి పడదు. గ్లాసులో నీళ్లు పోసి పూలగుత్తిలా నిలబెట్టండి, ఎండ తగలని గట్టు మీద పెట్టండి. రోజూ నీళ్లు మారిస్తే నాలుగైదు రోజులు నవనవలాడుతుంది. ఒక్కోసారి ఆ గ్లాసులోనే వేర్లు వస్తాయి. అలా వస్తే ఇంకో కుండీ రెడీ.

పెద్దమ్మ వంటింట్లో ఏం కుదిరింది, ఏం కుదరలేదు

ఇటలీలోని జెనోవా ఊరి పెస్తో గురించి వినే ఉంటారు. బేసిల్ ఆకు, వెల్లుల్లి, ఉప్పు, పైన్ గింజలు, చీజ్, ఆలివ్ నూనె వేసి పాలరాతి రోట్లో నూరుతారు. పెస్తో అనే మాటకి మూలం దంచడమే. అంటే వాళ్లది కూడా రోటి పచ్చడే కదా! ఈ మాట చెప్పగానే పెద్దమ్మకి ఆకు సొంతమైపోయింది.

మేము చేసిన పచ్చడి ఇది. గుప్పెడు వేరుశెనగ గుళ్లు దోరగా వేయించి పొట్టు తియ్యాలి. నాలుగు పచ్చిమిరపకాయలు నూనెలో మగ్గబెట్టాలి. రోట్లో ముందు కల్లుప్పు, వెల్లుల్లి, మిరపకాయలు, తర్వాత గుళ్లు కచ్చాపచ్చాగా దంచి, చివర్లో రెండు గుప్పెళ్ల ఇటలీ రకం ఆకు వేసి నూరి, నిమ్మకాయ పిండాలి. ఆకుని పొయ్యి మీద పెట్టకూడదు. వేడి అన్నంలో నువ్వుల నూనె వేసుకుని కలిపితే, అబ్బ! దోసెల్లోకి ఇంకా బాగుంది.

మజ్జిగలో కూడా కుదిరింది. అల్లం ముక్క, ఉప్పు, నాలుగు ఆకులు కలిపి నలిపి, పల్చటి మజ్జిగలో వేసి వడకట్టడమే. వామాకు బజ్జీ చేసినట్టే ఈ ఆకుతోనూ బజ్జీ వేశాం. పర్లేదు, కానీ నూనెలో వాసన సగం ఎగిరిపోతుంది. బజ్జీకి వామాకే రాజు.

ఇక నెల్లూరు చేపల పులుసు. మామిడికాయ ముక్కలు పడ్డ పులుసు జోలికి కొత్త ఆకు తీసుకెళ్లడం అంటే ధైర్యం కావాలి. పెద్దమ్మ పెద్ద సట్టి ముట్టుకోనివ్వకుండా, చిన్న గిన్నెలో కొంచెం పులుసు తీసి ఇచ్చింది. దించాక రెండు చిన్న రకం ఆకులు చిదిమి వేశాను. తిని చూసి ఆమె ఇచ్చిన తీర్పు: “బాగలేదని కాదు నాయనా. పులుసు వాసన వేరే ఊరికి పోయినట్టుంది.” నెల్లూరు పులుసు మర్నాటికి ఇంకా రుచొస్తుంది కదా, మర్నాడు కూడా చూశాం. ఆకు వేసిన గిన్నెలో రుచి పెరగలేదు, ఆకు నల్లబడి కాస్త చేదు దిగింది. పులుసులో కరివేపాకు చాలు. సబ్జా ఆకు అప్పటికప్పుడు తినే వాటికే.

దాచుకోవడం: ఊరిని బట్టి పద్ధతి

మే నెలలో ఆరు కుండీలు ఇచ్చే ఆకు ముగ్గురు మనుషులు తినలేరు. అక్టోబరు తర్వాత వానలు, తుఫాన్లు మొదలైతే కుండీల్లో ఏమీ ఉండదు. మరి దాచడం ఎలా? ఇక్కడే మేము నాలుగు పద్ధతులు పక్కపక్కన పెట్టి చూశాం.

మొదటిది ఐస్ ముక్కలు. మరిగే నీళ్లలో ఆకుని పది సెకన్లు ముంచి, వెంటనే ఐసు నీళ్లలో వేయాలి. ఆకు నల్లబడేది దానిలో ఉండే ఒక ఎంజైమ్ వల్ల. ఆ పది సెకన్ల వేడికి అది పనిచేయడం మానేస్తుంది, రంగు నిలుస్తుంది. నీళ్లు గట్టిగా పిండి, కొంచెం నూనెతో రుబ్బి, ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించాలి. గట్టయ్యాక జిప్ కవర్లోకి మార్చుకోవచ్చు. నాలుగైదు నెలలు ఇబ్బంది లేదు. తాజా రుచికి దీన్ని మించింది లేదు.

పెద్దమ్మ ఒకే ప్రశ్న వేసింది. “కరెంటు పోతే?”

నవ్వడానికి లేదు. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు నెల్లూరు దగ్గర జాతీయ రహదారే తెగిపోయింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను ఈ తీరం పక్కనుంచే పైకి వెళ్లింది. అలాంటి రోజుల్లో ఫ్రీజర్ ఒక ఉత్త పెట్టె.

రెండోది నూనెలో వేసి ఉంచడం. ఇంటర్నెట్‌లో అందమైన సీసాల ఫొటోలు చూసి ఉంటారు, ఆలివ్ నూనెలో పచ్చి ఆకు, వెల్లుల్లి. అలా చేసి గట్టు మీద పెట్టకండి. గాలి తగలని చోట, పులుపు లేని తడి పదార్థంలో బాట్యులిజం కలిగించే ప్రమాదకరమైన విషం తయారుచేసే బ్యాక్టీరియా పెరగొచ్చు. దానికి రంగూ వాసనా తేడా తెలియకపోవచ్చు కూడా. మరి మన గోంగూర నిల్వపచ్చడి ఏడాది ఎలా ఉంటుంది? గోంగూరలోనే పులుపు ఉంది. పైగా నూనెలో మగ్గించి నీరంతా ఇగరబెడతాం, ఉప్పూ చింతపండూ దండిగా వేస్తాం. పీహెచ్ 4.6 కంటే తగ్గితే ఆ బ్యాక్టీరియా పెరగలేదు. మన అమ్మమ్మలు ఆ నంబర్ వినలేదు కానీ పులుపు ఎంతుండాలో నాలుకతోనే కొలిచారు. సబ్జా ఆకులో ఆ పులుపు లేదు. కాబట్టి నూనె పచ్చడి చేస్తే ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో తినేయండి, లేదా ఫ్రీజర్‌లో పెట్టండి.

మూడోది ఎండబెట్టడం. మైపాడులో ఎండకి కొదవ లేదు. ఇసకలో చేపలు ఎండుతుంటే ఆకు ఎండదా అనిపిస్తుంది. ఎండుతుంది, కానీ నేరుగా ఎండలో పెడితే వాసన నూనెలన్నీ ఎగిరిపోయి గడ్డి మిగుల్తుంది. నీడలో, ఫ్యాన్ కింద, పల్చటి బట్ట మీద ఆరబెట్టాలి. నలిపితే గలగలమని పొడి కావాలి. ఇంకో చిక్కు సముద్రపు గాలి. పగలు ఎండిన ఆకు రాత్రికి తేమ పీల్చి మెత్తబడుతుంది. చేపలకైతే పాడవకుండా ఉప్పు పట్టిస్తారు. మేము సాయంత్రం అయ్యేసరికి ఆకుని మూతపెట్టిన స్టీలు డబ్బాలోకి ఎత్తేసి, పొద్దున మళ్లీ పరిచాం.

ఎండిన ఆకు ఒట్టిగా కంటే పొడిగా బాగుంది. పావు కప్పు శనగపప్పు, పావు కప్పు మినప్పప్పు, ఎనిమిది ఎండుమిర్చి, చెంచా జీలకర్ర వేయించి, చల్లారాక చిన్న చింతపండు రెబ్బ, ఉప్పు, రెండు గుప్పెళ్ల ఎండిన ఆకుతో పొడి కొట్టాం. కరివేపాకు పొడి పద్ధతే. ఇడ్లీలోకి నెల్లూరు కారం పక్కన ఇది కూడా నిలబడింది.

నాలుగోది పెద్దమ్మ పద్ధతి, ఉప్పు. ఈ జిల్లాలోనే ఉత్తరంగా వెళ్తే అల్లూరు దగ్గర ఇసకపల్లిలో ఉప్పు మడులు ఉన్నాయి. సముద్రపు నీళ్లు మడుల్లోకి పెట్టి, వేసవి ఎండకి ఇగిరిపోనిచ్చి, మిగిలిన కల్లుప్పుని కుప్పలు చేస్తారు. ఆ కుప్పలు చూడ్డానికైనా ఒకసారి ఆ దారిన వెళ్లాలి. పెద్దమ్మ గాజు సీసాలో ఒక పొర కల్లుప్పు, ఒక పొర కడిగి బాగా ఆరబెట్టిన ఆకు, మళ్లీ ఉప్పు, ఇలా నిండుగా పేర్చి మూత బిగించింది. పైన చివరి పొర ఉప్పే. ఆకు నల్లబడింది, కానీ వాసన ఉప్పులోకి దిగింది. ఆ ఉప్పు చిటికెడు మజ్జిగలో, మామిడికాయ ముక్కల మీద, ఉడికించిన శనగల మీద వేసి చూడండి. వాడేటప్పుడు కూరలో మామూలు ఉప్పు తగ్గించడం మర్చిపోవద్దు. వీలుంటే ఫ్రిజ్‌లో ఉంచడం మంచిది.

మొత్తానికి తేలిందేంటంటే, ఒకే ఆకుకి అన్ని ఊళ్లలో ఒకే పద్ధతి ఉండదు. రోజంతా కరెంటు ఉండే బెంగళూరు ఫ్లాట్‌లో నాకు ఐస్ ముక్కలు. తుఫాను దారిలో ఉన్న పెద్దమ్మకి పొడి, ఉప్పు. నెల్లూరులో అన్నయ్య వాళ్లింటికి గ్లాసులో నిలబెట్టిన కొమ్మలు.

పూతకి వదిలిన కుండీ

ఒక కుండీని పూతకి వదలమన్నాను కదా. ఆ కంకులు ఎండి గోధుమరంగుకి తిరిగాక కోసి, అరచేతుల మధ్య నలిపి, పొట్టు ఊదేస్తే సబ్జా గింజలు మిగుల్తాయి. నానబెడితే పది పదిహేను నిమిషాల్లో చుట్టూ జిగురు పొర కట్టి ఉబ్బుతాయి. పొడి గింజలు నోట్లో వేసుకోకండి, పిల్లలకి అసలు ఇవ్వకండి. గొంతులో ఉబ్బితే ప్రమాదం. పూర్తిగా నానాకే తాగాలి.

కరెంటు, ఫ్రిజ్, సీసా ఏదీ అక్కర్లేని నిల్వ ఈ గింజే. ఒక కుండీ గింజలు వచ్చే ఏడాదికి సరిపోగా షర్బత్‌కి కూడా మిగిలాయి. పెద్దమ్మ వాటిని పాత హార్లిక్స్ సీసాలో పోసి, పక్కన రెండు ఎండుమిరపకాయలు వేసి, దేవుడి గూటి కింద పెట్టింది. సంక్రాంతి తర్వాత, వానలు పోయాక చల్లుతుంది. ఆరేడు వారాలకి కోతకొస్తుంది, అంటే మార్చి నెలకి మళ్లీ ఆకు.

నీళ్లే అసలు సమస్య. పోయిన నెల లెక్క వేశాం. ఎండాకాలం ఒక్కో కుండీకి రోజుకి లీటరు అనుకున్నా, ఆరు కుండీలకి ఎనభై రోజులకి 480 లీటర్లు. ఒక చదరపు మీటరు మేడ మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. పెద్దమ్మ వాళ్ల మేడ నలభై చదరపు మీటర్లు ఉంటుంది. 20 మిల్లీమీటర్ల వాన ఒక్కసారి పడితే 800 లీటర్లు, కారిపోయింది పోగా సగం నిలిచినా 400. నెల్లూరుకి ఈశాన్య రుతుపవనాల్లో అలాంటి వానలు కొత్త కాదు. మొదటి వాన మేడ కడిగి పోనిచ్చి, తర్వాతి రెండు వానల్ని మూతున్న డ్రమ్ములో పట్టుకుంటే వేసవి గడిచిపోతుంది.

ఈ లెక్క అన్నయ్యకి వాట్సాప్‌లో పంపాను. రెండు రోజులు రిప్లై లేదు. మూడో రోజు ఫొటో వచ్చింది. ఆటోలో 500 లీటర్ల నల్ల ట్యాంకు, దాని పక్కన ఒక పైపు కట్ట. కింద ఒకే లైను: “సంక్రాంతి దాకా అమ్మని రమ్మని అడగనులే.”

వెళ్లాలనుకుంటే

నెల్లూరు నుంచి మైపాడుకి బస్సులు, షేర్ ఆటోలు ఉంటాయి. వేసవిలో అయితే తెల్లారేసరికి బీచ్‌లో ఉండేలా వెళ్లి, తొమ్మిదికల్లా వెనక్కి వచ్చేయండి. ఇక్కడ అలలు బలంగా ఉంటాయి, లోపలికి వెళ్లొద్దు. తిరిగొచ్చేటప్పుడు ఇందుకూరుపేట దాకా కిటికీ పక్కన కూర్చుని నేల రంగు ఎక్కడ మారుతుందో చూడండి. గుంటలు అయిపోయి వరి మొదలయ్యే చోటు ఇట్టే తెలిసిపోతుంది. నెల్లూరులో దిగాక ఒక నన్నారి షర్బత్ తాగి, పక్క కిరాణా కొట్లో చిన్న సబ్జా ప్యాకెట్ కొనండి. సగం నానబెట్టుకోండి, సగం మట్టి మీద చల్లండి.